బొమ్మ అంచు గీతలు: మా మిద్దె మీది యాంటెన్నా డైరీ

2025 మే 18, ఆదివారం

ఈరోజు నుంచి రాసి పెట్టుకుంటా ఉన్నా. ఏరోజు ఏం చేసినానో రాయకపోతే మీ మిద్దె ఎక్కను అని పెద్దనాయన గట్టిగా చెప్పేసినారు, అందుకే ఈ నోటుబుక్కు.

పని ఇదీ. తల మీద పోయే వాతావరణ ఉపగ్రహం నుంచి మబ్బుల బొమ్మని నేరుగా దించుకోవాలి, నెట్‌లోంచి కాదు, మా మిద్దె మీద నేనే చేసిన యాంటెన్నాతో.

ఎందుకంటే 2021 నవంబరు. తిరుపతోళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. 18, 19 తేదీల్లో పడిన వానకి మా అంగట్లోకి నడుం లోతు నీళ్ళొచ్చేసినాయి, రిపేరికి వచ్చిన టీవీలు తొమ్మిది నీళ్ళపాలు, ఘాట్ రోడ్డులో కొండచరియలు విరిగి పడినాయి, స్వర్ణముఖి పొంగిపోయింది, ఆ తర్వాత రాయలచెరువు కట్ట తెగుతాదేమో అని కింద ఊర్లు ఖాళీ చేయించినారు. నేను 14 ఏండ్ల నుంచి డిష్‌లు బిగించేవాణ్ణి, ఉపగ్రహం ఏ దిక్కున ఉందో కండ్లు మూసుకొని చెప్తా, అట్లాంటోణ్ణి ఆ రెండు రోజులూ నా నెత్తి మీద ఎంత మబ్బు ఉందో చూసుకోలేకపోయినా అనేది అప్పట్నుంచీ లోపల ఉండిపోయింది.

పెద్దనాయన అంటే సొంత పెద్దనాయన కాదు, మా నాయనతో చంద్రగిరి హైస్కూల్లో చదువుకున్నాయన. ఈడ తిరుపతిలోనే ఇంజనీరింగ్ చేసి, 1979లో అహ్మదాబాదులో ఇస్రో వాళ్ళ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో చేరి, 34 ఏండ్లు వాతావరణ ఉపగ్రహాల కెమెరాలని పరీక్షించే పనిలోనే ఉండి 2013లో రిటైరై మా వీధికి వచ్చేసినారు. పన్నెండేండ్ల నుంచి పక్క వీధిలోనే ఉంటే ఆయన చేసిన పనేందో నేను ఎప్పుడూ అడగలేదు, ఆయన ఇంట్లో డిష్ కూడా నేనే బిగించినా. ఇప్పుడు అడుగుతా ఉన్నా.

ఆయన మొదటి మాటే, "మబ్బు కనపడినంత మాత్రాన వాన చెప్పేయొచ్చు అనుకోవద్దు నాయనా. మన ఇన్శాట్ ఉపగ్రహం అరగంటకొక బొమ్మ ఇస్తాది, అది మోస్‌డాక్ అనే ఇస్రో వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. నువ్వు చేసేది వేరే. ఆ బొమ్మ ఎట్ల వస్తాదో నీ చేత్తో తెలుసుకుంటావు, అంతే." సరే అన్నా.

మే 25, ఆదివారం

యాంటెన్నా చేసినా. దీన్ని వీ డైపోల్ అంటారు, రెండు అల్యూమినియం కడ్డీలు, మధ్యలో 120 డిగ్రీల కోణం, నేలకి సమాంతరంగా పడుకోబెట్టి వీ నోరు ఉత్తరానికో దక్షిణానికో పెట్టాల. ఈ ఉపగ్రహాలు ధృవాల మీదుగా ఉత్తర దక్షిణంగా తిరుగుతాయి కాబట్టి అట్ల.

కడ్డీ పొడుగు లెక్క పెద్దనాయన నాతోనే చేయించినారు. ఈ ఉపగ్రహాలు బొమ్మ పంపేది 137.5 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే అల పొడుగు 218 సెంటీమీటర్లు, దాంట్లో నాలుగో వంతు 54.5, లోహంలో కొంచెం తగ్గించుకోవాల కాబట్టి 53.4. కడ్డీలు కొనలేదు. మా నీళ్ళ ట్యాంకు పక్కన పాత దూరదర్శన్ యాంటెన్నా ఒకటి వంగిపోయి ఉండేది, మా నాయన కాలంది, దాన్లోంచి రెండు గొట్టాలు కోసినా. కోస్తా ఉంటే అమ్మ వడియాలు ఎండబెట్టడానికి పైకొచ్చి, దాన్ని ఎందుకురా తీస్తావు, రామాయణం చూసింది దాంతోనే అనింది. మళ్ళీ పైకే పెడతాను లేమ్మా అన్నా.

కేబుల్ మా అంగట్లో ఉండేదే, ఆర్జీ 6. రేడియోకి ఒక చిన్న యూఎస్‌బీ డాంగిల్, టీవీ చూడ్డానికి వచ్చినవాటినే ఇట్ల సాఫ్ట్‌వేర్ రేడియోగా వాడతారు, ఆర్టీఎల్ ఎస్‌డీఆర్ అని పేరు. లాప్‌టాప్‌లో శాట్‌డంప్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్.

నోటుబుక్కులో: కోణం ఓకే. పొడుగు ఓకే. రెండు కాళ్ళూ కేబుల్‌కి కనెక్ట్, ఓకే.

జూన్ 7, శనివారం

రెండు వారాలూ గోలే. గోల అంటే మనుషుల గోల కాదు, రేడియో గోల. స్క్రీన్ మీద ఇసక పోసినట్టు నిండిపోతాది, ఉపగ్రహం వచ్చే టైముకి మధ్యలో ఒక సన్నటి గీత కనపడినట్టే ఉంటాది, డీకోడ్ చేస్తే ఏమీ రాదు.

అమెరికావి నోవా 15, 18, 19 అని మూడు ఉండినాయి, సాదా పాతకాలం పద్ధతిలో బొమ్మ పంపేవి. దాన్లో నోవా 18ని నిన్న, జూన్ 6న, ఆపేసినారంట. చాలా వయసైపోయినవి, మిగిలినవి కూడా ఎన్నాళ్ళో తెలియదు, నాకు తొందర పుట్టింది.

జూన్ 22, ఆదివారం

ఇంట్లో మెయిన్ ఆఫ్ చేసి చూసినా. ఎల్ఈడీ బల్బులు, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, ఫోన్ ఛార్జరు, వీటిలో చవకవి అన్నీ రేడియోలో గోల పుట్టిస్తాయి, అది నాకు అంగట్లోనే అనుభవం. లాప్‌టాప్ బ్యాటరీ మీద పెట్టి చూస్తే ఇసక బాగా తగ్గింది, కానీ సిగ్నల్ మాత్రం పెరగలేదు. ఉత్తరం పక్క తిరుమల కొండ అడ్డం కదా అనుకున్నా, నిజమే, ఉపగ్రహం ఉత్తరాన కిందికి దిగేటప్పుడు కొండ వెనక్కి పోతానే తెగిపోతాది. కానీ నడినెత్తి మీద ఉన్నప్పుడు కూడా రాకపోవడానికి కొండకి ఏం సంబంధం.

సాయంత్రం పెద్దనాయన వచ్చి నోటుబుక్కు తిరగేసినారు. ఓకే, ఓకే, ఓకే. ఆయన వేలు ఒక్కోదాని మీద ఆపుతా "ఇది ఎట్ల చూసినావు?" అని అడిగినారు. కోణం ప్రొట్రాక్టర్‌తో. పొడుగు టేపుతో. కనెక్షన్?

స్క్రూ బిగించినా కదా, పట్టుకొనే ఉంటాది అన్నా.

ఆయన ఏమీ కోప్పడలేదు. మిద్దె గోడ మీద కూర్చోని ఒక సంగతి చెప్పినారు, నేను అట్లనే రాస్తా ఉన్నా ఎందుకంటే ఇది నేను పట్టుకోవాలని చూస్తా ఉన్న ఉపగ్రహం కథే. నోవా 19, పైకి పోకముందు దాని పేరు నోవా ఎన్ ప్రైమ్. 2003 సెప్టెంబరు 6న కాలిఫోర్నియాలో కార్ఖానాలో దాన్ని నిలువుగా ఉన్నదాన్ని పక్కకి వంచుతా ఉన్నారు, అట్ల వంచడానికి ఒక బండి ఉంటాది, ఆ బండికి ఉపగ్రహాన్ని పట్టి ఉంచే పలకకి 24 బోల్టులు ఉండాల. ఒక్కటీ లేదు. అంతకుముందు వేరే పని కోసం వాటిని ఇంకో టీమ్ తీసేసింది, తీసినట్టు ఎక్కడా రాయలేదు. ఈ టీమ్ బోల్టులు ఉన్నాయా లేదా అని చేత్తో తడిమి చూడలేదు, పాత కాగితం చూసి సంతకం పెట్టేసినారు. ఉపగ్రహం జారి దాదాపు మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు నేల మీద పడింది. బాగుచేయడానికి 13.5 కోట్ల డాలర్లు.

"మేము అహ్మదాబాదులో ఆ ఫొటో చూసిన రోజు ఎవరమూ సరిగా అన్నం తినలేదు" అన్నారు. "వేరే దేశం వాళ్ళదే, అయినా మా పనే కదా అది. అట్ల పక్కకి పడిపోయి ఉంటే మనిషి పడిపోయినట్టే ఉంటాది చూడ్డానికి."

దాన్నే బాగుచేసి 2009 ఫిబ్రవరి 6న ఎక్కించినారు. 16 ఏండ్ల తర్వాత కూడా పనిచేస్తా ఉంది.

ఇంకమీద ఓకే అని రాయను. ఏం కొలిచినానో ఆ అంకె రాస్తా.

జూలై 6, ఆదివారం

దొరికింది.

మల్టీమీటర్ బీప్‌లో పెట్టి, ఒక పుల్ల కేబుల్ చివర ఎఫ్ కనెక్టర్ లోపలి తీగ మీద, ఇంకో పుల్ల కడ్డీ మీద పెట్టినా, బీప్ మోగింది. రెండో కాలు, అంటే కేబుల్ పైన అల్లిక ఉంటాది కదా ఆ అల్లిక పోయే కడ్డీ, దాని మీద పెడితే చప్పుడు లేదు. స్క్రూ గట్టిగానే ఉంది. అల్లిక దాని కింద నలిగి గట్టిగానే ఉంది. అయినా చప్పుడు లేదు. పుల్ల మొనతో గొట్టాన్ని గట్టిగా గీరితే అప్పుడు టక్కున మోగింది, గీరిన గీత తెల్లగా మెరిసింది.

ముప్పై ఏండ్లకి పైగా ఎండా వానా తిన్న అల్యూమినియం కదా, పైన పొర కట్టేసి ఉంది, ఆ పొర కరెంటుని పోనివ్వదు. ఆర్జీ 6 అల్లిక కూడా అల్యూమినియమే కాబట్టి టంకం అంటదు, నొక్కి పట్టడం ఒక్కటే దారి, నొక్కింది పొర మీద. అంటే ఆరు వారాలు నేను ఒంటికాలి యాంటెన్నాతో ఆకాశం చూస్తా ఉన్నా. రోజూ ఇండ్లల్లో పదేసి కనెక్టర్లు వేసేవాణ్ణి, ఆ కాన్ఫిడెన్సే నన్ను మీటర్ తీయనివ్వలేదు.

ఎమరీ కాగితంతో రెండు గొట్టాల చివర్లూ తళతళ మెరిసేదాకా రుద్దినా, రంపం పండ్లుండే వాషరు వేసి స్టీలు స్క్రూ బిగించినా, పైన టేపు చుట్టి దాని మీద సిలికాన్ పూసినా వాన నీళ్ళు దిగకుండా.

నోటుబుక్కులో: ఎడమ కాలు 0.4 ఓం, కుడి కాలు 0.5 ఓం.

జూలై 13, ఆదివారం

వచ్చింది!! నోవా 19, 137.1 మెగాహెర్ట్జ్, పొద్దున పాస్, పాస్ అంటే ఉపగ్రహం మన మీదుగా ఒకసారి పోవడం.

ముందు చెవికి వచ్చింది. గోలలోంచి టిక్ టాక్ టిక్ టాక్ అని గోడ గడియారం మాదిరి, దాని వెనక సన్నగా ఈల. సెకనుకి రెండు సార్లు ఆ టిక్, ప్రతి టిక్కుకీ బొమ్మలో ఒక గీత. స్క్రీన్ మీద పై నుంచి ఒక్కో గీతే దిగతా వచ్చింది, మొదట ఏమీ అర్థం కాలేదు, ఇసకలోంచి బూడిద రంగు, తర్వాత తెల్ల ముద్దలు, తర్వాత ఒక నల్లటి వంపు, ఆ వంపు చూస్తానే నాకు గొంతు పట్టేసింది ఎందుకంటే అది మన తీరం, కృష్ణా దగ్గర ముందుకొచ్చి నెల్లూరు నుంచి నిలువుగా దిగి మద్రాసు కిందికి పోతాది కదా ఆ వంపే. దాని కింద శ్రీలంక. అరేబియా సముద్రం పక్కంతా తెల్లగా మబ్బు. దాదాపు పన్నెండు నిమిషాలు యాంటెన్నా పక్కనే నిలబడిపోయినా, ఎండ కూడా తెలియలేదు. మా పాప కిందనుంచి పరిగెత్తుకొచ్చి మన తిరుపతి యాడుంది నాయనా అని అడిగింది. చూపించినా. ఒక చుక్క కూడా లేదు అక్కడ, ఒక చుక్కకి నాలుగు కిలోమీటర్లు, అయినా వేలు పెట్టి చూపించినా.

ప్రింటు తీసుకొని పెద్దనాయన ఇంటికి పోయినా. ఆయన కండ్లద్దాలు తుడుచుకొని బొమ్మని దగ్గరికి తెచ్చుకొని, మబ్బుల్ని చూడలేదు. తీరాన్ని చూడలేదు. బొమ్మ పక్కన అంచున నిలువుగా ఒక పట్టీ ఉంటాది, బూడిద రంగు గడులు గడులుగా మెట్ల మాదిరి, నేను దాన్ని కత్తిరించేద్దాం అనుకున్నా, ఆయన దాన్నే చూస్తా కూర్చున్నారు. చాలాసేపు. వేలితో లెక్కపెడతా.

"16 గడులు నాయనా. మొదటి ఎనిమిది నల్లనుంచి తెల్లదాకా కొలబద్ద. పదో గడి నుంచి నాలుగు గడులు కెమెరా లోపలుండే నల్లపలక ఎంత వేడిగా ఉందో చెప్తాయి, నాలుగు థర్మామీటర్లు దానికి. ఇదిగో ఈ సన్న చార చూడు, ఇది ఏమీ లేని ఆకాశం. ఆ కెమెరా అద్దం నిమిషానికి 360 చుట్లు తిరుగుతాది, ప్రతి చుట్టులో ఒకసారి ఖాళీ ఆకాశం చూస్తాది, ఒకసారి భూమి చూస్తాది, ఒకసారి తన లోపలి పలక చూస్తాది. చలి ఎంతో తెలిసినదొకటి, వేడి ఎంతో తెలిసినదొకటి, ఈ రెండిటి మధ్య పెట్టి నీ మబ్బుని కొలుస్తాది. ఇది ఫొటో కాదు, జ్వరం చూసినట్టు."

కాసేపు ఆగి, "నా 34 ఏండ్లూ ఈ అంచులోనే పోయినాయి" అన్నారు. బాధగా కాదు. ఊరి పేరు చెప్పినట్టు చెప్పినారు.

జూలై 20, ఆదివారం

వాన. మిద్దె మీద పని లేదు, ఆయన దగ్గర కూర్చున్నా, ఇది ఆయన చెప్పింది రాసుకోవడానికే.

ఆయన ఈ పనికి ఎందుకొచ్చినారంటే 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. పదివేల మందికి పైగా పోయినారు. అప్పుడాయన కాలేజీలో ఉన్నారు, పిల్లకాయలందరూ వీధుల్లో తిరిగి బట్టలు, బియ్యం పోగుచేసి లారీకి ఎక్కించినారంట. అప్పటికి మనకంటూ ఒక వాతావరణ ఉపగ్రహం లేదు. సముద్రం మీద తుఫాను ఎట్ల తిరగతా ఉందో అరగంటకొకసారి చూసే కన్ను లేదు.

తర్వాత ఇన్శాట్ 1ఏ 1982 ఏప్రిల్‌లో పోయింది, సెప్టెంబరుకల్లా చచ్చిపోయింది. 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ షటిల్‌లో ఇన్శాట్ 1బీ పోయింది, అది నిలబడింది. నాకు ఆశ్చర్యం ఏందంటే మనకి టీవీని ఊరూరికీ తెచ్చింది, మబ్బుల బొమ్మలు ఇచ్చింది, రెండూ ఆ ఒక్క ఉపగ్రహమే. మా నాయన యాంటెన్నాలు కట్టి బతికింది దాని మీదే, పెద్దనాయన నేర్చుకున్నదీ దాని మీదే. అవి అమెరికాలో చేయించినవి. మనోళ్ళు సొంతంగా కెమెరా చేసి పంపింది ఇన్శాట్ 2ఏలో, 1992 జూలై 10. ఆ కెమెరా పేరు వీహెచ్ఆర్ఆర్. పెద్దనాయన దాని మీద పనిచేసినారు, తర్వాత 2బీ, 2ఈ, కల్పన 1 వరకు.

చలి గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతే మారిపోతాది. మబ్బు నుంచి వచ్చే వేడి కిరణాన్ని పట్టుకోవాలంటే దాన్ని పట్టుకునే ముక్క, డిటెక్టరు, తను చల్లగా ఉండాల, లేకపోతే తన వేడే తను చూసుకుంటాది, చేతిలో పెట్రోమాక్స్ లైటు పట్టుకొని మిణుగురుని వెతికినట్టు. మైనస్ 160 డిగ్రీల కంటే చల్లగా ఉండాల. ఫ్రిజ్ మాదిరి మోటారు పెట్టలేదు, మోటారు అంటే అదురు, కరెంటు, అరుగుదల. ఏం చేసినారంటే ఒక పక్క, ఉత్తరం పక్క, ఖాళీ ఆకాశం వైపు ఒక పలకని తెరిచి పెట్టినారు, వేడి తనంతట తనే ఆకాశంలోకి పోతాది. పగలంతా కాలిన మన మిద్దె రాత్రిపూట ఆకాశం కింద చల్లబడుతుంది కదా ఆ లెక్కే.

కానీ ఆ పక్క ఇంకేమీ ఉండకూడదు. సోలార్ రెక్క ఉంటే దాని వేడి దీనికి తగులుతాది. అందుకే మన పాత ఇన్శాట్‌లు ఒంటిరెక్కవి! దక్షిణం పక్క మాత్రమే రెక్క. నేను ఇన్నేండ్లు ఆ బొమ్మలు చూసి రెండో రెక్క ఫొటోలో పడలేదేమో అనుకున్నా. ఒంటిరెక్క అయితే ఇంకో చిక్కు, ఎండకి కూడా ఒత్తిడి ఉంటాది, చాలా సన్నది, కానీ రోజుల తరబడి ఒకే పక్క తోస్తా ఉంటే ఉపగ్రహం తిరిగిపోతాది. దానికి ఉత్తరం పక్క పొడుగాటి కొయ్య మాదిరి ఒక కడ్డీ, దాని చివర చిన్న తెరచాప, సోలార్ సెయిల్, తక్కెడ సరిచేయడానికి. ఇన్శాట్ 1ఏలో ఆ తెరచాపే విచ్చుకోలేదు.

పంపే ముందు గాలి తీసేసిన పెద్ద డ్రమ్ములో పెట్టి, లోపల అంతరిక్షం మాదిరి చలి పుట్టించి, దాని ముందు వేడి తెలిసిన నల్లపలక పెట్టి ఒక్కో డిగ్రీ మారుస్తా అంకెలు రాసుకుంటారు. రాత్రీ పగలూ షిఫ్టులు. పండగలకి ఊరికి రాలేదు అన్నారు, గంగ జాతరకి చాలా ఏండ్లు రాలేదంట, డ్రమ్ము ఒకసారి చల్లబడినాక మధ్యలో ఆపకూడదు. పెద్దమ్మ లోపల్నుంచి, పిల్లోడి పుట్టువెంట్రుకలకి కూడా రాలేదు, మా అన్న ఒళ్ళో కూర్చోబెట్టినాం అనింది. ఆయన ఏమీ అనలేదు. నేను ఆ మాట ఇక్కడ రాయొచ్చా అని అడిగితే రాయి, అది కూడా లెక్కే అన్నారు.

జూలై 30, బుధవారం

సాయంత్రం 5.40కి శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ ఎఫ్16, నైసార్‌ని తీసుకొని పోయింది. మిద్దె మీద పది మందిమి చేరినాం. తూర్పున మబ్బు పట్టి ఉంటే మధ్యలో సందులోంచి కొంచెం సేపు నిప్పు కనపడింది, పిల్లకాయలు అరిచినారు. నైసార్ వాతావరణానిది కాదు, నేలని కొలిచే రాడార్, కానీ మన ఇన్శాట్ 3డీఆర్ 2016లో, 3డీఎస్ 2024 ఫిబ్రవరి 17న ఇట్లాంటి జీఎస్ఎల్వీలోనే పోయినాయి.

అందరూ దిగిపోయినాక పెద్దనాయన, ఈరోజు సువోమి పోయిన రోజు అన్నారు. వెర్నర్ సువోమి, 1995 జూలై 30. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ ప్రొఫెసరు, అంతకుముందు హైస్కూల్లో అయ్యవారు. ఆయన డాక్టరేట్ చేసింది ఒక మొక్కజొన్న చేను మీద, చేను ఎంత వేడి తీసుకుంటాది ఎంత వదులుతాది అని. చేనుకి కొలిచినోడు భూమికి ఎందుకు కొలవకూడదు అనుకున్నాడు, 1959లో ఎక్స్‌ప్లోరర్ 7లో ఆయన పరికరం పోయింది. తర్వాత 1966 డిసెంబరులో ఏటీఎస్ 1. ఆ కాలం ఉపగ్రహాలు బొంగరం మాదిరి తిరగతా ఉండేవి, అందరూ ఆ తిరుగుడు ఫొటోకి అడ్డం అనుకుంటే ఈయన ఆ తిరుగుడునే వాడుకున్నాడు, ఒక చుట్టుకి ఒక గీత గీసుకుంటా పోతే భూమి మొత్తం వస్తాది. అప్పట్నుంచే ఒకే చోట నిలబడి మబ్బులు కదిలేది చూడగలిగినాం. అడ్డం అనుకున్నదాన్ని పనిముట్టు చేసుకున్నాడు, నాకు ఈ మనిషి చాలా నచ్చినాడు.

ఆగస్టు 20, బుధవారం

రాయబుద్ధి కావడం లేదు.

13న నోవా 19ని ఆపేసినారు. నిన్న 19న నోవా 15ని. నోవా 15 అయితే 1998 మే నుంచి, 27 ఏండ్లు. నా దగ్గర నోవా 19 బొమ్మలు 23 ఉన్నాయి, దాంట్లో బాగున్నవి తొమ్మిది. ఈ పొద్దున అలవాటుకొద్దీ 137.1 పెట్టుకొని కూర్చున్నా. ఇసక.

నేల మీద పడి లేచిన ఉపగ్రహం. ఆరు వారాలు నా తప్పు కనెక్షన్‌తో పోగొట్టుకున్నా, నెల రోజులు దాని గొంతు విన్నా.

పెద్దనాయనకి చెప్తే, కల్పనని కూడా అట్లనే ఆపినారు నాయనా అన్నారు. 2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీలో పోయింది, మనం వాతావరణం కోసమే ప్రత్యేకంగా చేసుకున్న మొదటిది, మెట్‌శాట్ అని పేరు, 2003 ఫిబ్రవరిలో కొలంబియా ప్రమాదం తర్వాత కల్పనా చావ్లా పేరు పెట్టినారు. "మన చేతుల్లో చల్లబడిన ముక్క, పైన ఆగిపోయినప్పుడు ఈడ తెలుస్తాది" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు.

సెప్టెంబరు 14, ఆదివారం

మిగిలింది రష్యావాళ్ళ మెటియోర్. ఎం2 3 అనేది 2023 జూన్‌ది, ఎం2 4 అనేది 2024 ఫిబ్రవరిది. 137.9 దగ్గర పెట్టినా. యాంటెన్నా అదే సరిపోతాది.

కానీ ఇది డిజిటల్, సెకనుకి 72 వేల సింబల్స్, అంటే సమాచారం ముక్కలు. నోవా అయితే సిగ్నల్ తగ్గితే బొమ్మలో ఇసక పడేది, అయినా కనపడేది. ఇది అట్ల కాదు, పట్టుకుంటే అద్దం మాదిరి, జారితే నల్లటి అడ్డపట్టీ. మా డిష్ టీవీ వానకి గడులు గడులైపోయి ఆగిపోయినట్టే. మూడు పాస్‌లు పోగొట్టుకున్నా. నాలుగోదాంట్లో తెలిసింది, నా డాంగిల్ కొంచెం పక్క ఫ్రీక్వెన్సీలో ఉంది, ఎండకి కాలిపోతా ఉంటే ఇంకా జరిగిపోతా ఉంది. ఉపగ్రహం దగ్గరికొచ్చేటప్పుడు, దూరం పోయేటప్పుడు కూడా రైలు కూత మారినట్టు మూడు కిలోహెర్ట్జ్ దాకా మారుతాది, అది సాఫ్ట్‌వేర్ చూసుకుంటాది, డాంగిల్ జరుగుడు మాత్రం నేను చూసుకోవాల. దాన్ని అల్యూమినియం ముక్కకి బిగించి ట్యాంకు నీడలో పెట్టినా, పాస్‌కి అరగంట ముందే ఆన్ చేసి కుదురుకోనిస్తా ఉన్నా. అప్పట్నుంచి ఆగలేదు.

దీంట్లో చుక్కకి ఒక కిలోమీటరు. స్వర్ణముఖి కనపడదు గానీ పులికాట్ సరస్సు స్పష్టంగా కనపడింది, పక్కనే శ్రీహరికోట తోక. పాపకి ఇప్పుడు నిజంగానే చూపించినా, పులికాట్ నుంచి పడమరగా ఇంత దూరం వస్తే మనిల్లు అని.

అంగడి పని మీద చిత్తూరు పోయి వస్తా గాదంకి దగ్గర బండి ఆపినా. ఆడ నార్ల్ అనే వాతావరణ పరిశోధన సంస్థ వాళ్ళ ఎంఎస్టీ రాడార్ ఉంది, 1024 యాగీ యాంటెన్నాలు, 32 వరసలు, వరసకి 32, 53 మెగాహెర్ట్జ్, నేల మీద నుంచి పైకి గాలిని కొలిచేది. ఎన్నిసార్లో ఆ రోడ్డున పోయినా, బయట నిలబడి ఆ పక్క చూడ్డం ఇదే మొదలు. ఒక్క డైపోల్‌కి నేను రెండు కనెక్షన్లు సరిగా బిగించడానికి ఆరు వారాలు పట్టింది, వెయ్యిన్ని ఇరవై నాలుగుకి బిగించినోళ్ళు, ప్రతిదానికీ మీటర్ పెట్టినోళ్ళు ఎవరో వాళ్ళకి ఆడనుంచే దండం పెట్టుకున్నా.

అక్టోబరు 27, సోమవారం

మొంథా తుఫాను. బంగాళాఖాతంలో ఉంది, రేపు మచిలీపట్నం, కళింగపట్నం మధ్య కాకినాడ దగ్గర దాటుతాదంటా ఉన్నారు.

అంగడి మూసేసినా. మొదట సామాన్లన్నీ మూడో అర మీదికి ఎక్కించినా, తర్వాత మిద్దె ఎక్కినా. గాలికి యాంటెన్నా కడ్డీలు ఊగతా ఉన్నాయి, కింద ఇటుక రాళ్ళు పెట్టి తాడుతో కట్టినా. మీటర్ పెట్టి చూసినా, ఎడమ 0.4, కుడి 0.7. కుడిది ఎక్కువుంది, విప్పి రుద్ది మళ్ళీ బిగించినా, 0.5.

పగటి పాస్. దక్షిణం నుంచి మొదలై పైకి పోయింది. శ్రీలంక వచ్చింది, తర్వాత మన తీరం, తర్వాత కుడి పక్క సముద్రం మీద తెల్లటి పెద్ద ముద్ద, దాని చేతులు వంపు తిరిగి ఒకటి మన పైదాకా. తిరుపతి ఉండాల్సిన చోట తెలుపు. ఆ తెలుపు కిందే తడుస్తా నేను, ప్లాస్టిక్ కవరు కింద లాప్‌టాప్. కొండ వెనక్కి పోతానే తెగిపోయింది.

ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలో మధ్య ముద్ద ఇంకా తెల్లగా ఉంది, ఎంత తెల్లగా ఉంటే అంత చల్లగా, అంత ఎత్తున. తడిసిన బట్టలతోనే పెద్దనాయన ఇంటికి పోయి లాప్‌టాప్ ఆయన ముందు పెట్టినా. ఈసారి ఆయన మబ్బునే చూసినారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తీరం మీద వేలు పెట్టి, కృష్ణా సముద్రంలో కలిసే చోట, "దివిసీమ ఇదే" అన్నారు. 48 ఏండ్ల కింద ఆయన ఎక్కించిన లారీ అక్కడికే పోయింది.

నవంబరు 2, ఆదివారం

మొంథా 28 రాత్రి దాటేసింది. మా అంగట్లోకి ఈసారి నీళ్ళు రాలేదు.

పెద్దనాయన ఆ బొమ్మని ప్రింటు తీయించుకొని గోడకి పెట్టుకున్నారు, పొద్దున పోతే దాని అంచులు చూస్తా నిలబడి ఉన్నారు. "పట్టీ యాడ నాయనా?" అని అడిగినారు. మెటియోర్‌లో ఆ పట్టీ బొమ్మ పక్కన రాదు, కొలతల లెక్కలు 70 నంబరు ప్యాకెట్లో వేరేగా వస్తాయి, సాఫ్ట్‌వేర్ వాటిని పక్కన పెట్టేస్తా ఉంది నేను పట్టించుకోలేదు అన్నా.

"తీద్దాం" అన్నారు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

సాయంత్రం దాకా ఇద్దరం కూర్చున్నాం. ప్యాకెట్టు అయితే విడిగా తీసినాం, అంకెలు కనపడతా ఉన్నాయి, ఏది పలకదో ఏది ఆకాశందో ఇంకా తేలలేదు. పెద్దమ్మ రెండు సార్లు కాఫీ ఇచ్చింది. రేపటి పాస్‌వి కూడా తీసి పక్కపక్కన పెట్టి చూడాల.

ఎడమ 0.4, కుడి 0.5. సాయంత్రం 6.10కి కొలిచినా.